వయ్యారిభామ నవకు లోపలి మందు ఎందుకు?

కనురెప్పలు వాచి, మెడ మడతలు మందంగా నల్లబడి, మోచేతి వంపుల్లో రసి కారేదాకా గోక్కునే రైతులు అడిగేది ఒకటే: "ఎన్ని ట్యూబులు రాసినా మళ్లీ ఎందుకొస్తోంది? మాత్రలు మింగితే పోతుందా?"

ఇది ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూద్దాం. అనంతపురంలో ఒక్క వాన పడితే చాలు, బీడు చేలల్లోనూ రోడ్ల పక్కనా వయ్యారిభామ మొలుస్తుంది. 2000లో కాండం కుళ్లు తెగులు మన జిల్లాలో 2 లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగను దెబ్బతీసింది. అప్పుడు ఆ తెగులు తెచ్చిన వైరస్‌కు నెలవు ఈ మొక్కే. దాని పుప్పొడిలోని వైరస్‌ను తామర పురుగులు పైరుకు ఎక్కించాయి. మనిషి చర్మానికి మాత్రం చేటు చేసేది ఇందులోని పార్థెనిన్ అనే రసాయనం. ఆకుల మీది సన్నని నూగులో అది ఉంటుంది. మొక్క ఎండి పొడిపొడి అయ్యాక గాలిలో లేస్తుంది. ఎండకు వచ్చే దద్దురు గడ్డం కిందా, చెవుల వెనకా, పై రెప్పల మీదా సాధారణంగా ఉండదు. ధూళి మాత్రం అక్కడికీ చేరుతుంది. డాక్టరు ఆ చోట్లు చూసే అనుమానిస్తారు. వీపు మీద ప్యాచ్ టెస్టు అంటించి, 48 గంటలకు తీసి చూసి, ఒకట్రెండు రోజులాగి మళ్లీ చూసి నిర్ధారిస్తారు.

పూత మందు ఎందుకు చాలదు? పార్థెనిన్‌ను ఒకసారి శత్రువుగా గుర్తుపెట్టుకున్న టి-కణాలు (ఒంటి రక్షణ కణాలు) ఏళ్లు గడిచినా మరిచిపోవు. అవి రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. రోజూ గాలి తగిలే ఒంటికి ఎంతని పూస్తాం? పైగా రెప్పల మీద ఘాటైన స్టిరాయిడ్ ఎక్కువ కాలం రాస్తే చర్మం పలచబడుతుంది, కంట్లో ఒత్తిడి పెరగవచ్చు.

అలాగని నెలనెలా ఊళ్లో స్టిరాయిడ్ సూది వేయించుకోవడం మందు కాదు. నిజమే, నాలుగు రోజుల్లో నవ పోతుంది. దాని ప్రభావం తగ్గగానే జబ్బు తిరగబెడుతుంది. ఈలోగా షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లవుతాయి, కంట్లో శుక్లాలు వస్తాయి. వారాల తరబడి వాడిన ప్రెడ్నిసలోన్ అనే స్టిరాయిడ్ మాత్రలను ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టిరాయిడ్ అప్పటికి తగ్గిపోయి ఉంటుంది.

అందుకే మొదట కొద్దికాలం ప్రెడ్నిసలోన్ ఇచ్చి, తగ్గిస్తూ, అజథయోప్రిన్ మీదికి మారుస్తారు. వయ్యారిభామ ఎగ్జిమాకు దీన్ని వాడి చూసినవారిలో ఢిల్లీ ఎయిమ్స్ చర్మవైద్యులు ముఖ్యులు. రేగిన కణాలు పెరగకుండా ఇది అడ్డుపడుతుంది. కానీ గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. "పనిచేయట్లేదు" అని చాలామంది సరిగ్గా ఆ వారాల్లోనే మానేస్తారు, అదే బాధ.

రక్త పరీక్షలెందుకు? కొందరికి ఈ మందును విరిచే ఎంజైము పుట్టుకతోనే తక్కువ. వాళ్లలో మందు పేరుకుని మజ్జను దెబ్బతీస్తుంది, తెల్లకణాలు పడిపోతాయి. అందుకే మొదట్లో తరచుగా, తర్వాత కొన్నాళ్లకోసారి రక్తకణాలూ లివరూ చూస్తారు. యూరిక్ యాసిడ్‌కు అల్లోప్యూరినాల్ వాడుతుంటే ముందే చెప్పాలి, రెండూ కలిస్తే ప్రాణం మీదికొస్తుంది. టీబీ దాగి ఉంటే ఇలాంటి మందులతో బయటపడవచ్చు గనుక ఛాతీ ఎక్స్‌రే కూడా తీస్తారు.

అజథయోప్రిన్‌కు బదులు మెథోట్రెక్సేట్ రాస్తే, అది వారానికి ఒక్కరోజే. రోజూ మింగి చనిపోయినవారున్నారు. ఏ రోజు మింగాలో చీటీ మీద తెలుగులో రాయించుకోండి, ఇంట్లో మరొకరికీ చెప్పండి. బిడ్డను కోరుకునే దంపతులు ముందే డాక్టరుతో మాట్లాడాలి. సైక్లోస్పోరిన్ త్వరగా పనిచేస్తుంది, కానీ బీపీ, కిడ్నీలు చూసుకుంటూ వాడాలి.

ఎప్పుడు ఆపాలి? నెలల పాటు చర్మం నెమ్మదించాక డాక్టరే డోసు తగ్గిస్తారు. గట్టు మీద మొక్క ఉన్నంతకాలం జబ్బు తిరగబెట్టే వీలుంది. కాబట్టి పూతకు రాకముందే దాన్ని పీకించాలి. ఆ పని ఈ నవ లేనివాళ్లు, గ్లౌజులు, నిండు చేతుల చొక్కా వేసుకుని చేయాలి. చేను నుంచి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. వానాకాలం ముందు, మందు ఆపేసినవాళ్లయినా సరే, ఒకసారి చర్మవైద్యునికి చూపించుకోవాలి.