ఇంట విసరిన పిండి, ఇంట కాల్చిన రొట్టె

దక్కను పీఠభూమి యందలి ప్రజలకు జొన్నరొట్టె, సజ్జరొట్టె తరతరములుగ నిత్యాహారములు. జొన్న, సజ్జ, రాగి ఆఫ్రికాఖండమున పుట్టి, వేలయేండ్ల క్రిందటనే మన దేశమునకు వచ్చి, వర్షము తక్కువగు మెట్టభూములలో స్థిరపడినవి. చాలకాలము బీదల తిండియని నిరాదరణకు లోనైన ఈ ధాన్యములకు నేడు మరల గౌరవము లభించుచున్నది. 2018లో భారత ప్రభుత్వము వీనిని పోషక ధాన్యములుగ ప్రకటించినది. మన దేశము చేసిన ప్రతిపాదనపై ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగ జరిపినది. అయితే ధాన్యము మంచిదైనంత మాత్రమున రొట్టె మంచిది కానేరదు. పిండి యెంతకాలము నిలువయున్నది, గింజ యెంత శుభ్రమైనది, రొట్టెతోకూడ ఏమి తినుచున్నారు అను విషయములపై దాని గుణము ఆధారపడియుండును.

పిండి తాజాగ నుండవలసిన కారణము

గింజ పగులనంతవరకు దానిలోని కొవ్వు భద్రముగ నుండును. విసరినంతనే గింజలోని ఎంజైము లా కొవ్వును విడగొట్టనారంభించును. సజ్జలలో నూటికి 5 పాళ్ల వరకు కొవ్వుండుటచే సజ్జపిండి కొలది దినములలోనే చేదెక్కి ముక్కవాసన కొట్టును. కావున మూడు నాలుగు దినములకు సరిపడునంత మాత్రమే విసరుకొనుట మంచిది. మైదా నెలల తరబడి చెడకుండుటకు కారణము దానినుండి తవుడును, గింజమొలకను తొలగించుటయే. అనగా అది నిలువయుండు గుణమును పోషకములను కోల్పోయి సంపాదించినది. ఇంట విసరిన పిండిని సన్నని జల్లెడతో జల్లించి తవుడు పారవేసినచో ఆ నష్టమునే మనము కొనితెచ్చుకొన్నట్లగును.

తిరుగలి లేనివారు ఊరి పిండిమరలో ఆడించుకొనవచ్చును. తిరుగలికి క్రొత్తగ గంట్లు పెట్టించినప్పుడు మొదట వచ్చు పిండిలో రాతిపొడి చేరును గనుక దానిని పారవేయవలెను.

గింజను శుభ్రపరచుట

సజ్జకంకులకు తేనెబంక తెగులు సోకినచో గింజల నడుమ నల్లని పొడుగుపాటి ముద్దలేర్పడును. అవి విషపూరితములు. వానిని తిన్నవారికి వాంతులు, విరేచనములు, తలతిరుగుట, అధిక నిద్రమత్తు కలుగును. లీటరు నీటికి సుమారు 200 గ్రాముల ఉప్పు కలిపి, అందు గింజలు పోసి కలిపినచో, ఆ ముద్దలు పైకి తేలును. వానిని తీసివేసి, గింజలను మంచినీట పలుమారులు కడిగి, బాగుగ ఎండబెట్టి విసరవలెను.

రొట్టె చేయు విధము

గోధుమపిండికి సాగుగుణము నిచ్చు గ్లూటెన్ జొన్న, సజ్జ, రాగులలో లేదు. చన్నీటితో కలిపిన జొన్నపిండి విరిగిపోవుట కిదియే కారణము. మరుగు నీరు పోసినచో పిండిలోని గంజి ఉడికి బంకవలె పట్టు నిచ్చును. ఉప్పు వేసిన నీరు మరిగిన పిదప పిండిపై పోసి, గరిటెతో కలిపి, కొంతసేపు మూతపెట్టి, చేయి తాళునంత వేడి యుండగనే బాగుగ మర్దించవలెను. ముద్దను పొడిపిండి చల్లిన పీటపై అరచేతితో తట్టి, పొడిపిండి అంటిన వైపు పైకి వచ్చునట్లు కాగిన పెనముపై వేసి, తడిగుడ్డతో పైభాగమును తుడువవలెను. ఆ తడి యారగనే త్రిప్పి, రెండవవైపును కాల్చవలెను. నూనె అవసరము లేదు.

రొట్టె యొక్కటియే చాలదు

జొన్నలే ముఖ్యాహారముగ జీవించిన దక్కను బీదప్రజలలో పూర్వము పెల్లాగ్రా వ్యాధి కనబడెడిది. ఎండ తగులు చోట్ల చర్మము నల్లబడి పొరలూడుట, విరేచనములు, మతిస్థిమితము తప్పుట దాని లక్షణములు. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయమునకు చెందిన డాక్టరు సి. గోపాలన్, డాక్టరు ఎస్. జి. శ్రీకాంతియా ఈ విషయమును పరిశీలించి, జొన్నలలో అధికముగ నుండు ల్యూసిన్ అను పదార్థమునకు ఈ వ్యాధితో సంబంధము గలదని 1960లో సూచించిరి. ఆహారములో బి విటమినులు, మంచి మాంసకృత్తులు కొరవడుటయు ఇందుకు కారణమే. అనగా దోషము రొట్టెది కాదు, రొట్టె తప్ప వేరొండు లేని విస్తరిది. పప్పు, ఆకుకూర, వేరుసెనగ పొడి, పాలు లేక మజ్జిగ రొట్టెకు తోడు కావలెను.

రాగులలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. సజ్జలలో ఇనుము ఎక్కువ. కాని తవుడులోని ఫైటేటు ఆ యినుమును శరీరమునకు పూర్తిగ అందనీయదు. భోజనముతో నిమ్మరసమో ఉసిరికాయయో చేర్చిన ఆ లోపము కొంత తీరును. భోజనముతోడనే టీ త్రాగినచో అది మరింత పెరుగును.

జాగ్రత్తలు

గ్లూటెన్ సరిపడని సీలియాక్ రోగులకు ఈ మూడు ధాన్యములు ఉపయోగపడును గాని, గోధుమపిండి ఆడిన మరలోనే వానిని ఆడించరాదు. ప్రాచీన ధాన్యమని పేరొందిన ఖప్లీ గోధుమయు గోధుమయే. అందును గ్లూటెన్ గలదు. మధుమేహము గలవారు జొన్నరొట్టెయని పరిమితి మీరి తినరాదు. అందును పిండిపదార్థమే అధికము.

మంచి గింజ, తాజా పిండి, ప్రక్కన పప్పుకూరలు. ఈ మూడును కుదిరిన యింట స్వల్పవ్యయముతోనే ఆరోగ్యము నిలుచును.