పండుగప్ప కోసం ఎరల పెట్టె

ఇక్కడ డార్విన్‌లో బర్రముండి అంటారు, మన గోదావరి జిల్లాల్లో అదే పండుగప్ప. ఈ మాట చెవిన పడగానే భీమవరం నుంచి వచ్చిన నాన్నగారు "అయితే పట్టేద్దాం పదరా" అన్నారు. ఆయన వీసా గడువు ఇంకా మూడు వారాలే.

పోయినేడు మేరీ నదిలో సన్నటి లీడర్ కట్టి పరువు పోగొట్టుకున్నాను. చేప తగిలింది, ఎగిరి తల విదిల్చింది, దారం పుటుక్కుమంది. దాని మొప్పల మూత అంచు బ్లేడులా ఉంటుందని అప్పుడు తెలిసింది. ఈసారి 30 పౌండ్ల బ్రెయిడ్, దాని చివర మీటరు పొడవున 60 పౌండ్ల లీడర్. ఖరీదైన రీలుకన్నా ఆ మీటరు దారమే ముఖ్యమని నా లెక్క.

లూర్ల దగ్గర మిత్రులంతా రంగుల మీద వాదిస్తారు. నేను లోతు చూస్తాను. వానలు తగ్గే ఈ రోజుల్లో ముంపు బీళ్ల నీళ్లు పాయల గుండా నదిలోకి దిగుతాయి. వాటితో వచ్చే చిన్నచేపల కోసం పండుగప్పలు ఆ మలుపుల్లోనే కాచుకుంటాయి. అక్కడ మెత్తటి ప్లాస్టిక్ చేప చాలు. మునిగిన కొమ్మల పక్కనైతే రెండు మీటర్లు మునిగే గట్టి లూర్ కావాలి, దాని కొక్కేలు నాసిరకమైతే మార్చేయాలి.

గట్టున నిలబడితే మొసళ్ల భయం, అందుకే బోటు మాట్లాడాను. 55 సెంటీమీటర్లకు తగ్గితే వదిలేయాలన్నాను. బాగా పెద్దవి గుడ్లు పెట్టే ఆడవి, వాటినీ వదిలేద్దామన్నాను.

"మరి పులుసు?" అన్నారు నాన్నగారు.

ప్రస్తుతం కొక్కేలు తీసేసిన లూర్‌తో పెరట్లో విసరడం నేర్చుకుంటున్నారు. నిన్న అమ్మ ఆరేసిన చీరకు తగిలింది.