పాత మారుతి, మన బోరు నీళ్లు: ఇంట్లో రేడియేటర్ పని ఎందుకింత సతాయిస్తది?

ఎండలు మొదలైనప్పటి నుంచి నాకు వస్తున్న ప్రశ్నల్లో సగం ఒకటే. "అన్నా, పాత మారుతి 800 తీసుకున్న. హైవే ఎక్కి ముప్పై కిలోమీటర్లు పోంగనే ముల్లు ఎర్రగీత మీదికి పోతది. మెకానిక్‌కు మూడుసార్లు చూపించిన, తగ్గలే. ఇంట్లనే ఏమన్న చేసుకోవచ్చా?" చేసుకోవచ్చు. నేను చేసుకున్నా. కాని మూడు గంటల పని అనుకొని దిగితే మూడు ఆదివారాలు పోతాయి. ఎందుకు అంత టైమ్ తింటదో, అందులో మన నల్గొండ, పాలమూరు నీళ్ల పాత్ర ఏందో ఈ ఎపిసోడ్‌లో చెప్తా.

ముందు బండి గురించి రెండు ముక్కలు. మొదటి మారుతి 800 తాళాలు 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. 2014 జనవరిలో తయారీ ఆపేశారు. అంటే ముప్పై ఏళ్లు ఒకటే బండి. మూడు సిలిండర్లు, 796 సీసీ. మా ఇంట్ల ఉన్నది 1998ది, కార్బ్యురేటర్ బండి, ఏపీ 24 నంబరు. ఇప్పటికీ దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట దిక్కు పోతే ఏపీ 24లు, ఏపీ 22లు కనపడుతూనే ఉంటాయి. వాటిని సరదాకు ఉంచుకున్నవాళ్లు తక్కువ. రాత్రి పన్నెండు గంటలకు ఇంట్ల ముసలాయనకు ఛాతీల నొప్పి లేస్తే పట్నం దాకా తీసుకపోవాల్సిన బండి అదే. అందుకే ఇది హాబీ ముచ్చట కాదు. ఆ బండి నడిమిట్ల ఆగొద్దు.

ఇప్పుడు అసలు విషయం. పెట్రోలు కాలితే వచ్చే వేడిలో దాదాపు మూడో వంతు ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్లే మోసుకుపోవాలి. వాటర్ పంప్ నీళ్లను తోస్తది, ఇంజన్‌లో వేడెక్కుతాయి, రేడియేటర్‌లో సన్న గొట్టాల గుండా దిగుతూ చల్లబడతాయి, మళ్లీ ఇంజన్‌లోకి పోతాయి. ఇంతే. మనోళ్లు ఒకటి పొరపడతారు. ఈ బండ్లో "ఫ్యాన్ బెల్టు" అని పిలిచేది ఫ్యాన్‌ను తిప్పదు! ఫ్యాన్‌కు కరెంటు మోటార్ వేరే ఉంది. ఆ బెల్టు తిప్పేది వాటర్ పంప్‌ను, ఆల్టర్నేటర్‌ను. బెల్టు తెగితే "ఫ్యానే కదా, మెల్లగ ఇంటిదాకా పోదాం" అనుకుంటే నీళ్లు తిరగడమే ఆగిపోతది. అప్పుడు ఇంజన్‌కు మిగిలేది నిమిషాలే.

ఇంకోటి రేడియేటర్ మూత. అది మామూలు మూత కాదు, ప్రెషర్ కుక్కర్ విజిల్ లెక్క. దాని మీద 0.9 అని రాసి ఉంటది. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు, దాదాపు 118 దాకా ఆగుతాయి. మూత రబ్బరు ఎండిపోతే ఆ లాభం పోయి వంద దగ్గరే మరిగిపోతాయి. మిగతావన్నీ మంచిగున్నా బండి వేడెక్కుతది. చిన్న మూత, కొన్ని వందల రూపాయలు. ఎక్కువమంది ఇంజన్ మొత్తం విప్పినాక ఆఖరికి దీని దగ్గరికి వస్తారు.

అదే మూత చేసే ఇంకో పని కూడా చెప్పాలి. మూడేండ్ల కింద మా మేనమామ శ్రీశైలం పోతుండు. డిండి దాటిండు, మన్ననూరు దాటి ఘాట్‌లో ముల్లు పైకి లేచింది. బండి ఆపిండు, బానెట్ లేపిండు, తువ్వాల చుట్టి మూత తిప్పిండు. లోపల 110 డిగ్రీలున్న నీళ్లకు ఒక్కసారి ఒత్తిడి పోతే ఏమైతది? అక్కడికక్కడ ఆవిరి. మోచేయి దాకా కాలింది, నెల రోజులు కట్టు. అంతటితోని అయిపోలే. పక్కనున్న పిలగాడు కంగారులో సల్లటి బాటిల్ నీళ్లు వేడి ఇంజన్‌లో పోసిండు. హెడ్ అల్యూమినియంది, ఒక్కసారి చల్లబడితే వంకర పోతది. పోయింది. ఆ బండి లారీ ఎక్కి ఇంటికొచ్చింది. కాబట్టి ముల్లు లేస్తే పక్కకు ఆపండి, ఇంజన్ బంద్ చేయండి, ఛాయ్ తాగండి. ముప్పావు గంట, గంట. పై హోస్ చేతితో ఒత్తితే మెత్తగా, గోరువెచ్చగా అయ్యేదాకా మూత ముట్టొద్దు.

సరే, మన నీళ్ల కాడికి వద్దాం. నల్గొండ నీళ్లు అనంగనే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు ఆ నీళ్లు మనుషుల ఎముకలను ఏం చేసినయో మనకు తెలుసు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ "నల్గొండ టెక్నిక్" అని పేరు పెట్టింది. మన జిల్లా పేరు టాంజానియా దాకా పోయింది, ఎందుకో చూడండి. కాని రేడియేటర్‌ను పాడు చేసేది ఫ్లోరైడ్ కాదు, దాని తోడున్న కాల్షియం, మెగ్నీషియం. సబ్బు నురగ రాకపోవడం, హీటర్ రాడ్ మీద తెల్లటి పొర కట్టడం ఇవన్నీ దాని పనే. నీళ్లల్ల కరిగి ఉన్నంతసేపు కనపడదు. వేడి తగలంగనే సున్నపురాయిలా మారి గోడకు అంటుకుంటది. రేడియేటర్ గొట్టం ఎంత సన్నగుంటదో చూసినోళ్లకు ఇక చెప్పాల్సిన పని లేదు. పైగా ఈ పొర వేడిని అస్సలు పోనియ్యదు, రాగితో పోలిస్తే వందల రెట్లు తక్కువ.

ఒక లెక్క వేద్దాం. తాగే నీళ్లకు వేరే దారి లేకపోతే కాఠిన్యం లీటరుకు 600 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని మన దేశ ప్రమాణం. గ్రానైట్ నేలల్లో లోతు బోరు వేస్తే ఆ గీత దాటే నీళ్లు కూడా పడతాయి. 600 అనే అనుకుందాం. బండ్లో నీళ్లు తగ్గుతున్నాయని వారానికి ఒక లీటరు బోరు నీళ్లు పోస్తున్నారు. ఆవిరై పోయేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటది. ఏడాదికి 52 లీటర్లు, అంటే 31 గ్రాములు. అంతా పొర కట్టదు, కొంత కరిగే ఉంటది. అయినా అలా పదేండ్లు పోస్తే? అందుకే మెకానిక్ ఫ్యాన్ మార్చినా, మూత మార్చినా తగ్గదు. రోగం నీళ్లల్ల ఉంది, ఆ నీళ్లు మనమే రోజూ పోస్తున్నాం.

ఇంట్ల ఎట్ల పట్టుకోవాలె? మొదటి గుర్తు ఉచితం. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు వేడెక్కి, స్పీడ్‌లో దిగిపోతే ఫ్యాన్ దగ్గర సమస్య. నిలబడ్డప్పుడు బాగుండి హైవే మీద వేడెక్కితే నీళ్ల దారి మూసుకుపోయింది. జడ్చర్ల దాటి ఎన్‌హెచ్ 44 మీద 80లో పోతుంటే ముల్లు లేస్తుంటే ఫ్యాన్ మీద డబ్బులు పెట్టకండి.

ఫ్యాన్ అనుమానం ఉంటే రేడియేటర్ దగ్గరున్న థర్మో స్విచ్ కనెక్టర్ ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఆ రెండు పిన్నులను ఒక వైరు ముక్కతో కలపండి. ఫ్యాన్ తిరిగితే మోటార్ మంచిదే, స్విచ్ పోయింది. తిరగకపోతే ఫ్యూజ్, రిలే, మోటార్ ఈ వరుసలో చూడండి. చెయ్యి, చున్నీ, ఫుల్ చేతుల చొక్కా దూరం.

తర్వాత థర్మోస్టాట్. చిన్న వాల్వు ఇది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ దారి మూస్తది, దాదాపు 82 డిగ్రీలకు తెరుస్తది. పరీక్ష సులువు. గిన్నెలో నీళ్లు కాగబెట్టి దారంతో వేలాడదీయండి, మరిగే లోపే తెరుచుకోవాలె. (ఆ గిన్నె మళ్ల వంటకు వాడొద్దు, అమ్మతోని పెట్టుకోవద్దు.) మన దగ్గర దాదాపు ప్రతి పాత బండ్లో ఈ వాల్వు ఉండనే ఉండదు. "మన ఎండకు ఇదెందుకు తమ్మి, తీసేయ్" అంటారు. నాకు ఒప్పుకోబుద్ధి కాదు. తీసేస్తే పొద్దున చలిలో ఇంజన్ వేడెక్కడానికే అరగంట పడుతది. అంతసేపు పెట్రోలు ఎక్కువ తాగుతది, లోపల అరుగుదల పెరుగుతది. అన్నిటికంటే ముఖ్యం, మూసుకుపోయిన రేడియేటర్‌ను అది కొన్ని నెలలు దాచిపెడతది. జ్వరానికి మాత్ర వేసి తిరిగినట్టే.

కాని దాన్ని విప్పడమే గండం. థర్మోస్టాట్ కవర్ అల్యూమినియంది, బోల్టులు ఇనుపవి. పాతికేళ్లు బోరు నీళ్లల్ల నాని ఒకదానికొకటి పట్టుకొని ఉంటాయి. యూట్యూబ్‌లో పానా పెట్టి టక్కున తిప్పేస్తాడు. మీ బండ్లో తిప్పితే తల తెగి చేతిలకు వస్తది, మొండెం లోపల ఉంటది. ఆ ఒక్క బోల్టుకు లేత్ షాపు, డ్రిల్లు, ఒక రోజు. అందుకే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. పొద్దున బోల్టు తల మీద సుత్తితో చిన్నగా తట్టండి. మొదట కొంచెం బిగించే వైపు కదిలించి, అప్పుడు వదులు వైపు. బలంగా వస్తుంటే ఆపి మళ్ల స్ప్రే. ఇక్కడ ఓపిక ఒక్కటే పనిముట్టు. పది నంబరు సాకెట్ ఎటు పోతదో మాత్రం నన్ను అడగొద్దు, అది ఎవరికీ తెలియదు.

ఇప్పుడు కడుగుడు. బాత్రూం యాసిడ్ మాత్రం వద్దు. తెల్ల పొరతో పాటు అల్యూమినియాన్ని కూడా తింటది. కిరాణా దుకాణంలో నిమ్మ ఉప్పు దొరుకుతది, అది చాలు. నేను లీటరుకు 20 గ్రాముల లెక్కన కలుపుతా. ఈ బండికి మొత్తం నాలుగు లీటర్ల లోపే. థర్మోస్టాట్ బయట పెట్టి, హీటర్ ఉంటే వేడి వైపు తిప్పి, పదిహేను ఇరవై నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారినాక వదలండి. ఎర్రగా, మట్టి రంగులో వస్తది. తేట నీళ్లు వచ్చేదాకా కడగండి, చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో. కింద దూరాల్సి వస్తే ఇటుకల మీద, ఒక్క జాకీ మీద బండి నిలబెట్టి దూరొద్దు. గట్టి స్టాండ్లు కావాలె, వెనక చక్రాలకు రాళ్లు కావాలె.

ఇక్కడే చాలామంది గుండె జారేది. శుభ్రంగా కడిగినాం, కూలెంట్ పోసినాం, తెల్లారి చూస్తే బండి కింద పచ్చటి మడుగు! మనం పాడు చేసినట్టు అనిపిస్తది. కాదు. రేడియేటర్‌కు చిల్లు ఎప్పుడో పడింది, ఆ సున్నం పొరే దాన్ని మూసి పెట్టింది. ఇప్పుడు పొర పోయి నిజం బయటపడ్డది. ఊర్లల్ల దీనికి పసుపు పోస్తారు. నవ్వకండి, పని చేస్తది, చిన్న చిల్లు మూసుకుంటది. రోడ్డు మీద ఇరుక్కుంటే ఇల్లు చేరడానికి పసుపు మంచిదే. కాని ఇంటికొచ్చినాక అదే లోపల బురదై మళ్ల గొట్టాలు మూస్తది. రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే రేడియేటర్ షాపులో ట్యాంకు విప్పి, గొట్టాల్లో సన్న కడ్డీ తోసి, సోల్డర్ పెడతారు. అల్యూమినియం, ప్లాస్టిక్‌ది అయితే మార్చుడే. కొనేటప్పుడు పాతది సంచిలో వేసుకొని పోండి. కార్బ్యురేటర్ బండికి, తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ బండికి సామాన్లన్నీ ఒకటి కావు. ఫోన్‌లో "మారుతి 800ది ఉందా" అంటే "ఉంది" అంటారు, రాణీగంజ్ దాకా పోయి తెచ్చినాక హోస్ ఎక్కదు. ఒక ఆదివారం గోవిందా.

నింపేటప్పుడు కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. బండి ముందు భాగం కొంచెం ఎత్తులో పెట్టి, చల్లటి ఇంజన్‌ను మూత లేకుండా స్టార్ట్ చేసి, పై హోస్ ఒత్తుతూ గాలి బుడగలు పోనివ్వండి. బుడగలు ఎంతసేపటికీ ఆగకపోతే, ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన ఛాయ్ రంగు కనపడితే, సైలెన్సర్‌లో తెల్ల పొగ తియ్యటి వాసనతో ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పోయింది. అది వాకిట్ల చేసే పని కాదు. అక్కడ ఆపి, హెడ్ సమతలం చేసే షాపు ఉన్న మెకానిక్‌కు ఇవ్వండి.

రెండు ప్రశ్నలు మిగిలినయి. నారాయణపేట నుంచి ఒక చెల్లె అడిగింది, భగీరథ నల్లా నీళ్లు పోయొచ్చా అని. బోరు కంటే చాలా మేలు, కృష్ణా నీళ్లు కదా. ఊరి ఆర్వో ప్లాంటు నీళ్లు ఇంకా మేలు. కాని ఒట్టి నీళ్లు ఏవైనా సరే, తుప్పును ఆపే మందు వాటిలో ఉండదు. రోడ్డు మీద తప్పకపోతే పోయండి, ఇంటికొచ్చినాక కూలెంట్ మార్చండి.

చండూరు తమ్ముడు అడిగింది, తీసిన పాత కూలెంట్ ఎక్కడ పోయాలె అని. మోరీలో వద్దు, చెట్టుకు వద్దు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటది, కుక్కలు, పిల్లులు నాకుతాయి, కొంచెమే చాలు కిడ్నీలు పోతాయి. చిన్న పిల్లలు కూడా అంతే. మూత ఉన్న డబ్బాలో పోసి, పైన పెద్దక్షరాలతో విషం అని రాసి, ఆయిల్ మార్చే గ్యారేజీకి ఇవ్వండి. కింద ఒలికిన దాని మీద మట్టి పోసి ఊడ్చి, ఆ జాగ నీళ్లతో కడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కార్బ్యురేటర్ విప్పుదాం. పాత టూత్‌బ్రష్ ఒకటి దాచిపెట్టుకోండి.