ప్రతి గుండెమంటా గ్యాసేనా? – హయాటల్ హెర్నియా

"గ్యాస్ ట్రబుల్ అండీ, చాలా ఏళ్లుగా ఉంది." మేము తరచుగా వినే మాట ఇది. మంట వచ్చినప్పుడల్లా సోడా తాగడం, మెడికల్ షాపులో మాత్ర కొనుక్కోవడం చాలామందికి అలవాటైపోయింది. అయితే ఏళ్ల తరబడి వదలని మంట వెనుక కొందరిలో హయాటల్ హెర్నియా ఉంటుంది. ఇది ఎలా వస్తుంది, ఎలా గుర్తిస్తారు, ఆపరేషన్ ఎవరికి అవసరమో ఈసారి తెలుసుకుందాం.

హయాటల్ హెర్నియా అంటే ఏమిటి?

హెర్నియా అనగానే గజ్జల్లోనో, బొడ్డు దగ్గరో కనిపించే ఉబ్బు గుర్తుకొస్తుంది. ఇది మాత్రం బయటికి కనిపించదు. ఛాతీకీ పొట్టకూ మధ్య డయాఫ్రమ్ అనే కండరపు పొర ఉంటుంది. దానిలోని ఒక రంధ్రం గుండా ఆహారనాళం పొట్టలోకి దిగుతుంది. ఈ రంధ్రం వదులైతే జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జరుగుతుంది. వయసు పైబడటం, అధిక బరువు, గర్భధారణ, తగ్గని దగ్గు, మలబద్ధకంతో ముక్కడం ఇందుకు దోహదం చేస్తాయి.

ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. నూటికి 90కి పైగా కేసుల్లో జీర్ణాశయం పైకీ కిందికీ జారుతుంటుంది. ఇది అంత ప్రమాదకరం కాదు. రెండో రకంలో జీర్ణాశయం ఆహారనాళం పక్కగా పైకి చొచ్చుకొస్తుంది. ఇది అరుదు, కానీ దీనిపై ఎక్కువ జాగ్రత్త అవసరం.

లక్షణాలు

చాలామందికి ఏ బాధా ఉండదు. ఉన్నవారిలో గుండెల్లో మంట, పులితేన్పులు, వంగినా పడుకున్నా పుల్లటి నీరు గొంతులోకి రావడం, రాత్రిళ్లు పొడిదగ్గు, గొంతు బొంగురుపోవడం కనిపిస్తాయి. హెర్నియా పెద్దదైతే కొద్దిగా తినగానే ఛాతీ బరువెక్కుతుంది, ఆయాసం వస్తుంది. లోపల పుండ్లు పడి కొద్దికొద్దిగా రక్తం కారడంతో రక్తహీనత కూడా రావచ్చు.

ఒక హెచ్చరిక: ఛాతీలో బరువుగా పట్టేసినట్టు నొప్పి, చెమటలు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం ఉంటే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి. ముందు గుండెజబ్బు కాదని తేలాలి, హెర్నియా సంగతి ఆ తర్వాత.

ఎలా గుర్తిస్తారు?

"పొట్ట స్కానింగ్ తీయించాం, అంతా నార్మల్ అన్నారు" అని కొందరు నిశ్చింతగా ఉంటారు. మామూలు అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో ఈ హెర్నియా సాధారణంగా బయటపడదు. ఎండోస్కోపీ ముఖ్యమైన పరీక్ష. పరగడుపున సన్నని గొట్టాన్ని నోటి ద్వారా పంపి లోపల వాపు, పుండ్లు, కేన్సర్ మార్పులు ఉన్నాయేమో చూస్తారు. దీనికి కొద్ది నిమిషాలు చాలు. తెల్లని బేరియం ద్రవం తాగించి ఎక్స్‌రే తీస్తే జీర్ణాశయం ఎంతవరకు పైకి వచ్చిందో తెలుస్తుంది. ఆపరేషన్ అనుకున్నప్పుడు ఆహారనాళం కదలికలను కొలిచే మేనోమెట్రీ, అవసరమైతే 24 గంటల ఆమ్ల పరీక్ష కూడా చేస్తారు.

అందరికీ ఆపరేషన్ అవసరమా?

అవసరం లేదు. జారే రకంలో ఎక్కువమందికి మందులు, అలవాట్ల మార్పు సరిపోతాయి. బరువు తగ్గాలి. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య కనీసం మూడు గంటలు ఉండాలి. మంచానికి తలవైపు కోళ్ల కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు పెట్టుకోవాలి. కేవలం దిండ్లు పెంచితే లాభం లేదు. పొగాకు, మద్యం మానాలి. ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ వంటి మందులను సాధారణంగా భోజనానికి అరగంట ముందు, డాక్టరు చెప్పినన్నాళ్లే వాడాలి.

మందులు వాడినా పుల్లటి నీరు పైకి వస్తున్నవారికి, ఆహారనాళం దెబ్బతింటున్నవారికి, బాధ పెట్టే పక్కరకం హెర్నియా ఉన్నవారికి ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. పక్కరకంలో జీర్ణాశయం మెలితిరిగి రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఉంది. హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చి, డోకు వస్తున్నా వాంతి కాకపోతే అది అత్యవసర పరిస్థితి.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

పూర్తి మత్తు ఇచ్చి, పొట్టపై సాధారణంగా ఐదు చిన్న రంధ్రాల ద్వారా ల్యాపరోస్కోపీ పద్ధతిలో చేస్తారు. పైకి వెళ్లిన జీర్ణాశయాన్ని కిందికి దించి, వదులైన రంధ్రాన్ని కుట్లతో బిగిస్తారు. తర్వాత జీర్ణాశయం పైభాగాన్ని, మెడకు మఫ్లర్ చుట్టినట్టు, ఆహారనాళం చివర చుట్టి కుడతారు. దీంతో ఆమ్లం పైకి రాదు. రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ 1950లలో ఈ పద్ధతిని ప్రవేశపెట్టారు. 1991 నుంచి ల్యాపరోస్కోపీతో చేస్తున్నారు. ఆహారనాళం కదలికలు బలహీనంగా ఉన్నవారికి పూర్తిగా చుట్టకుండా కొంతమేరకే చుడతారు.

చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్లవచ్చు. మొదట ద్రవాలు, జావ, ఆ తర్వాత కొన్ని వారాలు మెత్తటి అన్నం కొద్దికొద్దిగా, బాగా నమిలి తినాలి. సోడాలు, కూల్‌డ్రింకులు వద్దు. నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. మొదట్లో ముద్ద దిగడం కాస్త కష్టంగా ఉండటం, తేన్పు సరిగా రాక పొట్ట ఉబ్బరించడం మామూలే. ఎక్కువమందిలో ఇవి క్రమంగా తగ్గుతాయి. వాంతులు, జ్వరం, పెరుగుతున్న నొప్పి ఉంటే ఆలస్యం చేయవద్దు. కొందరిలో, ముఖ్యంగా పెద్ద హెర్నియాలు, మళ్లీ రావచ్చు.

మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, నల్లటి విరేచనం లేదా రక్తపు వాంతి అయినా, రక్తహీనత కనిపించినా ఇంకో గ్యాస్ మాత్రతో సరిపెట్టుకోవద్దు. డాక్టరును కలిసి ఎండోస్కోపీ గురించి అడగండి.