ఆక్సైడ్ మీద ఒక్క చుక్క ఉప్పు

వంటింటి ఉప్పు కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. 1914లో పాల్ వాల్డెన్ వర్ణించిన ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ అనే లవణానికి 12 డిగ్రీలు చాలు. నీళ్ళు కలపకుండానే, నిండా అయాన్లే ఉన్న ద్రవమది. చాలాకాలం దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1992లో విల్క్స్, జవొరాట్కో గాలికీ తేమకూ తట్టుకునే ఇమిడజోలియం లవణాలు తయారుచేశాక అయానిక ద్రవాలకు గిరాకీ పెరిగింది.

వాటికి దొరికిన ఉద్యోగాల్లో చిత్రమైనది ట్రాన్సిస్టర్‌లో. మామూలు ట్రాన్సిస్టర్‌లో గేటుకూ, కరెంటు పారే పొరకూ మధ్య ఘన బంధకం ఉంటుంది. కరెంటు పారే పొరగా ఒక ఆక్సైడ్‌ను పెట్టి, ఘన బంధకం బదులు అయానిక ద్రవం చుక్క వేసి, గేటుకు ధన వోల్టేజి ఇస్తే ధన అయాన్లు ఆక్సైడ్ ఉపరితలం మీద బారులు తీరుతాయి. వాటికి ఎదురుగా ఆక్సైడ్‌లో ఎలక్ట్రాన్లు పోగవుతాయి. రెంటికీ మధ్య ఎడం ఇంచుమించు ఒక నానోమీటరు. అంత సందులో రెండు మూడు వోల్టులు పడితే విద్యుత్ క్షేత్రం సెంటీమీటరుకు కోటి వోల్టులు దాటుతుంది. ఘన బంధకంగా వాడే సిలికాన్ డయాక్సైడ్ పొరైతే ఆపాటికి తూట్లు పడుతుంది.

ఈ చుక్కను వనేడియం డయాక్సైడ్ మీద వేశారు. అది దాదాపు 67 డిగ్రీల దగ్గర బంధకం నుంచి లోహంగా మారిపోయే పదార్థం. 1959లో బెల్ ల్యాబ్స్‌లో మోరిన్ కనిపెట్టిన వింత. వేడితో పనిలేకుండా వోల్టేజితోనే ఆ మార్పు తెచ్చామని 2012లో జపాన్ పరిశోధకులు ‘నేచర్’లో ప్రకటించారు. ఉపరితలం మీద చేరిన ఆవేశమే పొరనంతా కదిలించిందన్నారు.

మరుసటి ఏడు కాలిఫోర్నియాలోని ఐబీఎం అల్మాడెన్‌లో స్టువర్ట్ పార్కిన్ బృందం ఆ ద్రవాన్ని కడిగేసి చూసింది. ఇంత మొరటు పరీక్ష కాబట్టే నాకది నచ్చింది. ఆవేశమే కారణమైతే, ద్రవం పోయాక పొర మళ్ళీ బంధకం కావాలి. కాలేదు. 5 కెల్విన్ల కంటే కిందికి చల్లబరిచినా లోహంగానే ఉంది. చుట్టూ ఆక్సిజన్ వాయువు నింపి చేస్తే మాత్రం ప్రభావం తగ్గిపోయింది. అసలు జరిగింది ఇది: ఆ క్షేత్రం ధాటికి ఆక్సైడ్‌లోని ఆక్సిజన్ ఊడి ద్రవంలోకి వెళ్ళింది, స్ఫటికంలో ఖాళీలు మిగిలాయి. అంటే అయాన్లు గోడ బయట నిలబడి లోపలివాళ్ళను పిలిచి ఊరుకోలేదు, గోడలోంచి ఇటుకలే లాగేశాయి.

పొరపాటుగా తేలినదే పనిముట్టయింది. 2017లో చైనాలోని సింగ్‌హువా విశ్వవిద్యాలయ బృందం స్ట్రాన్షియం కోబాల్ట్ ఆక్సైడ్‌తో ఇదే పని కావాలని చేసింది. ఋణ వోల్టేజి ఇస్తే ఆక్సిజన్, ధన వోల్టేజి ఇస్తే హైడ్రోజన్ పొరలోకి చేరాయి. ఒకే పదార్థం మూడు రూపాల మధ్య అటూ ఇటూ తిరిగింది. ఆ ఆక్సిజన్, హైడ్రోజన్ వచ్చింది అయానిక ద్రవంలో మిగిలిపోయిన కాస్త తేమ నుంచే.