పుస్తకం చేతికొచ్చాక

తిరుపతిలో మా ఇంటికి పోస్టులో వచ్చే పుస్తకాలకు ఒక వరస ఉండదు. కవితా సంపుటి, పిల్లల కథలు, శాసనాల మీద పరిశోధన, మామిడి సాగు మీద చిన్న పుస్తకం, అన్నీ ఒకే వారంలో రావచ్చు. అన్నీ సమీక్షకే. "కథలు రాసేవాళ్లు కదా సార్, ఇవన్నీ ఎట్లా చదువుతారు?" అని యూనివర్సిటీ పిల్లలు అడుగుతుంటారు. కథలు రాసేవాడు కథలే చదువుతూ కూర్చుంటే రాయడానికి అతని దగ్గర ఏం మిగులుతుంది? మామిడి పుస్తకం చదివాకే మా దామలచెరువు మండీలో రైతు ఏ లెక్క చూసుకుని మొహం ముడుచుకుంటాడో నాకు అర్థమైంది.

ఇట్లా అన్ని రకాలూ చదివే అలవాటు మా సీమకు కొత్త కాదు. 1880లో చిత్తూరు కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివారు, తెలుగులో అర్థశాస్త్రం రాశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు. అదే చేత్తో 1914లో 'కవిత్వతత్త్వ విచారము' తెచ్చారు. అందులో ఆయన చేతికి తీసుకున్నది పింగళి సూరన కళాపూర్ణోదయం. కావ్యాన్ని పద్యం పద్యంగా విడదీసి, ఇక్కడీ అలంకారం, అక్కడా చమత్కారం అని మెచ్చుకోవడం అప్పటి రివాజు. రెడ్డిగారు అడిగిన ప్రశ్నలు వేరు. కథ మొదలు నుంచి చివరి దాకా ఒక్కటిగా నిలబడిందా? పాత్రలు మనుషుల్లా నడుచుకున్నాయా? వర్ణన కథకు కావలసి వచ్చిందా, కవికి చెయ్యి ఊరుకోక వచ్చిందా? సంప్రదాయ పండితులకు కోపాలు వచ్చాయి. తక్కిన ప్రబంధాల మీద ఆయన తీర్పు కొన్నిచోట్ల మరీ కరుకని నాకూ అనిపిస్తుంది. కానీ ఈరోజు నవల మీదైనా సినిమా మీదైనా మనం వేసే ప్రశ్నలు అవే. ఇతరుల పుస్తకాలకు ఆయన రాసిన ముందుమాటలే 'లఘుపీఠికా సముచ్చయము' అనే పుస్తకమయ్యాయి. ముందుమాట అడిగినవాళ్లకు నాలుగు పొగడ్తలు రాసిచ్చే అలవాటున్న మనం ఒకసారి చదవాల్సిన పుస్తకం అది.

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారిని మైసూరు మహారాజా కళాశాలకు తెలుగు పండితుడిగా తీసుకుపోయింది ఈ రెడ్డిగారే. 1928లో శర్మగారి చేత వేమన మీద ఉపన్యాసాలు చెప్పించిందీ ఆయనే. శర్మగారు తరవాత తిరుపతి వచ్చి, ప్రాచ్య పరిశోధన సంస్థలో అన్నమయ్య కీర్తనలను పరిష్కరించి, ఎన్నిటికో స్వరాలు కూర్చారు. నాకు చదవడం నేర్పింది మాత్రం ఆయన రాసిన 'నిగమశర్మ అక్క' అనే వ్యాసం.

తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ చెడు తిరుగుళ్లు తిరిగే యువకుడు. వాణ్ణి దారికి తెద్దామని అక్క అత్తవారింటి నుంచి పిల్లల్ని వెంటేసుకుని వస్తుంది. బుజ్జగిస్తుంది, దగ్గర కూర్చోబెట్టుకుని బుద్ధి చెబుతుంది. వాడు నాలుగు రోజులు బుద్ధిమంతుడిలా మెసలి, ఇంట్లో నగా నట్రా మూటగట్టుకుని పారిపోతాడు. ఆ అక్క కథలో ఉండేది కొన్ని పద్యాల సేపే. కవి ఆమెకు పేరైనా పెట్టలేదు. శర్మగారు అక్కడ ఆగారు. పుట్టింటి మీద ఆమెకున్న పెత్తనం, తమ్ముడి మీద ఉన్న ప్రేమ, అవి ఏ పద్యంలో ఎట్లా బయటపడ్డాయో చూపించారు. అది చదివినప్పటి నుంచి నవల చేతికొస్తే రెండు పేజీల్లో కనబడి వెళ్లిపోయే మనిషి కోసం వెతుకుతాను. ఆ మనిషి బతికుంటే రచయిత మీద నాకు నమ్మకం కుదురుతుంది. పెన్సిల్‌తో ఆ పేజీ నంబరు చివరి అట్ట లోపల రాసుకుంటాను. నా సమీక్షలు సగం ఆ నంబర్లలోంచే వస్తాయి.

దామలచెరువులో బడిపంతులుగా పనిచేసిన మధురాంతకం రాజారాంగారి కథలు ఇట్లాంటి మనుషులతో నిండి ఉంటాయి. 1993లో ఆయనకు సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆయనది నిదానమైన పంతులుగారి తెలుగు. అది చదివిన చెవితోనే నామిని 'మిట్టూరోడి కథలు' చదివితే కుదరదు. ఒక సమీక్షకుడు నాతో యాస అడ్డం వస్తోందన్నాడు. మిట్టూరులో అమ్మ కొడుకుని తిట్టే తిట్టును పుస్తక భాషలోకి మార్చి చూడమన్నాను. మారిస్తే ఆ అమ్మే ఉండదు! ఏ పుస్తకాన్నైనా దాని గొంతులోనే వినాలి. రాజారాంగారిని అడగాల్సినవి నామినిని అడక్కూడదు.

రాజారాంగారి అబ్బాయి నరేంద్ర 'మనోధర్మపరాగం' నవలకు 2022లో అదే పురస్కారం అందుకున్నారు. దేవదాసీల బతుకులూ కర్నాటక సంగీతమూ పెనవేసుకున్న నవల అది. దాని మీద రాయాలనుకుంటున్న ఒక కుర్రాడు, సంగీతం రాకుండా రాయొచ్చా సార్ అని మొన్న అడిగాడు. పాడటం రాకపోయినా ఫరవాలేదు, వినడం రావాలని చెప్పి, అన్నమాచార్య కళామందిరంలో కచేరీ ఉన్నరోజు వెళ్లి చివరిదాకా కూర్చోమన్నాను. వెళ్లొచ్చి, నవలలో ఇంకో నాలుగు అధ్యాయాలు మళ్లీ చదవాలంటున్నాడు. సమీక్ష వచ్చే నెలకు ఇస్తాడట. ఇవ్వనీ, తొందరేముంది!