పడిపోయిన చేతికి ఓడ పని

పెగడపల్లిలోని మా ఇంట్లో భోజనాల బల్ల మీద ఏడాదిన్నరగా ఎవరూ భోంచేయడం లేదు. దాని మీద ఓ ఓడ ఉంది. మూడు తెరచాప కొయ్యలు, 104 ఫిరంగులు, లెక్కపెట్టలేనన్ని తాళ్లు. అసలు ఓడ పేరు విక్టరీ. 1765లో ఇంగ్లండులోని చాథమ్‌లో నీళ్లలోకి దిగింది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ ప్రాణం విడిచింది దీని మీదే. ఇప్పటికీ పోర్ట్స్‌మత్‌లో చూడొచ్చు. మా ఇంట్లో ఉన్నది దాని చెక్క నమూనా. 72 అడుగులకు ఒక అడుగు లెక్క. అంటే ఆరడుగుల నావికుడు ఇక్కడ ఒక్క అంగుళం. 186 అడుగుల ఫిరంగుల అంతస్తు రెండడుగుల ఏడంగుళాలకు వచ్చింది.

దీన్ని కడుతున్నది మా బాపు. రిటైరైన సోషల్ టీచర్. పక్షవాతంతో కుడిచేయి పడిపోయిన మనిషి.

ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. తొమ్మిదింటికి అన్నం కలుపుతుంటే బాపు చేతిలోంచి ముద్ద జారిపోయిందట. తిమ్మిరి అనుకున్నాడు. అవ్వ కొబ్బరినూనె రాసి మర్దన చేసింది. నాకు ఫోన్ చేస్తానంటే బాపే ఆపాడు. “గింత దానికి వాని డ్యూటీ ఎందుకు చెడగొట్టుడు? పొద్దుగాల్ల చూద్దాం తీ” అన్నాడు. పొద్దున ఆరింటికి ఫోన్ వచ్చేసరికి మాట కూడా ముద్దగా వస్తోంది. మెదడు రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. మాకు తొమ్మిది గంటలు గడిచిపోయాయి. వందల మందికి ఈ సంగతి చెప్పాను గానీ మా ఇంట్లో చెప్పలేదు. అందుకే ముందు ఇది రాస్తున్నాను. మూతి ఒక పక్కకు లాగినా, ఒక చేయి లేపితే కిందికి వాలిపోతున్నా, మాట తడబడుతున్నా మర్దనలు వద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లమనండి.

ప్రాణానికి ప్రమాదం తప్పింది. మూడు వారాలకు చేతికర్రతో నడక వచ్చింది. చేయి మాత్రం రాలేదు. భుజం కదిలేది, గుప్పిట మూసుకునేది, బొటనవేలూ చూపుడువేలూ కలిసేవి కావు. ఫిజియోథెరపిస్టు మెత్తటి బంతి ఇచ్చి రోజుకు ఇన్నిసార్లు నొక్కమంటే, బాపు నాలుగుసార్లు నొక్కి పక్కన పడేసేవాడు. బలవంతపెడితే కళ్లు మూసుకునేవాడు. పేపర్ చదవడం మానేశాడు. పక్షవాతం తర్వాత దాదాపు మూడోవంతు మందిలో డిప్రెషన్ వస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని మొండితనం అనో, వయసు అనో అనుకుంటారు. నేనూ నెల రోజులు అలాగే అనుకున్నాను. చివరికి సైకియాట్రిస్టు మాత్రలు మొదలుపెట్టారు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఆ వారాల్లోనే పెట్టె వచ్చింది. మా జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ తక్కువ. బాపు దగ్గర చదువుకున్న ఒకతను దుబాయ్ నుంచి సెలవుపై వస్తూ ఈ ఓడ సామాను తెచ్చాడు. ఎందుకు ఓడే అంటే, సారు పాఠం అతనికి ఇంకా గుర్తుంది. గోదావరి ఒడ్డున మన కోటిలింగాలలో శాతవాహన రాజుల నాణేలు దొరికాయని, ఆ వంశం వాళ్లే తర్వాతి కాలంలో రెండు కొయ్యల ఓడ బొమ్మతో సీసపు నాణేలు వేశారని, కాకినాడ పక్కన కోరంగిలో పెద్దపెద్ద ఓడలు కట్టేవారని, 1839 తుపాను ఆ రేవును ముంచేసిందని బాపు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాడు. సముద్రం చూడని పిల్లలకు సముద్రం పాఠం!

పెట్టె రెండు వారాలు మూల పడి ఉంది. ఓ మధ్యాహ్నం అవ్వ ఫోన్ చేసి, “మీ బాపు పుల్లలు ముందటేసుకొని కూసున్నడు” అంది.

పక్కటెముకలు, పోగులు

ఓడ కట్టే తీరు వైద్యులకు తేలిగ్గానే అర్థమవుతుంది. అడుగున వెన్నెముకలా ఒక పొడవాటి చెక్క. దానికి అడ్డంగా పక్కటెముకలు. వాటి మీద చర్మంలా సన్నటి చెక్కపట్టీలు రెండు పొరలు. పట్టీని నీళ్లలో నానబెట్టి, వంచి, జిగురుతో అతికించి, ఆరేదాకా సూదులు గుచ్చి పెట్టాలి. ఎడమవైపు ఒకటి వేస్తే కుడివైపూ ఒకటి వేయాలి. ఒకే పక్క వేసుకుంటూ పోతే వెన్నే మెలితిరిగిపోతుంది. దీన్ని ఒక్క చేత్తో చేయలేం. ఎడమచేయి పట్టుకుంటే కుడిచేయి నొక్కాలి. బంతి నొక్కని మనిషి పట్టీని నొక్కాడు, ఎందుకంటే వదిలేస్తే అది ఊడి వస్తుంది.

దెబ్బతిన్న మెదడు కోలుకునే తీరు కూడా ఇదే. పాడైన చోటు చేసిన పనిని పక్కనున్న భాగాలు కొంతవరకు నేర్చుకుంటాయి. ఊరికే చేయి ఆడిస్తే చాలదు. ఒక అసలైన పనిని, కొంచెం కష్టమైన పనిని, మళ్లీ మళ్లీ చేయాలి. మొదటి మూడు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది. తర్వాత నెమ్మదిస్తుంది గానీ ఆగిపోదు. ఓడ దగ్గర మళ్లీ మళ్లీ చేయడానికి కొదవ లేదు. కొయ్యలకు కట్టే తాళ్ల నిచ్చెనలనే తీసుకోండి. ఐదు మిల్లీమీటర్లకో మెట్టు. దారం దారాన్ని దాటే ప్రతి చోటా ఒక ముడి. మొత్తం ముడులు వేలల్లో ఉంటాయి.

ముడి దగ్గర బాపు ఓడిపోయాడు. నాలుగు రోజులు ప్రయత్నించి, దారం తెంపి విసిరేశాడు. అప్పుడు ఆదుకున్నది మా దూరపు బంధువు. సిరిసిల్లలో వైపని చేసి, మెడనొప్పితో మానేసిన మనిషి. మరమగ్గం మీద పాత బీము అయిపోతే కొత్త బీము పోగుల్ని ఒక్కొక్కటిగా అతికే పని అది. ఆయన చూసిన వెంటనే, “సారూ, ముడి వేలితోని గాదు, గోటితోని ఎయ్యాలె” అన్నాడు. దారాన్ని తేనెమైనం మీద లాగి నూగు అణచమన్నాడు. మోచేతులు రెండూ బల్ల మీద ఆనించమన్నాడు. ఈ చివరి మాట నేను చెప్పాల్సింది. భుజం బలహీనంగా ఉన్న రోగి చేతిని గాల్లో పెట్టి పనిచేస్తే భుజం నొప్పి ఖాయం. మొదటి రోజు మూడు ముడులు పడ్డాయి. ఇప్పుడు గంటకు ఇరవై దాకా వేస్తున్నాడు. చొక్కా గుండీలు కూడా తనే పెట్టుకుంటున్నాడు.

ఓడే నయం చేసిందని నేను రాయను. బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర, డిప్రెషన్ మందు, ఫిజియోథెరపీ అన్నీ సాగాయి, కొన్ని ఇంకా సాగుతున్నాయి. ఓడ చేసిందల్లా, పొద్దున లేవగానే బాపుకు ఒక పని ఉండేలా చూడటం. నా ఉద్దేశంలో అది చిన్న సంగతి కాదు.

దగ్గు, బొబ్బ, జిగురు

నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చెక్కపట్టీలు రుద్దే నెలల్లో బాపుకు పొడిదగ్గు పట్టుకుంది. చలికాలం కదా అని సిరప్ ఇచ్చాను. రెండు వారాలైనా తగ్గలేదు. ఓ ఆదివారం ఇంటికి వెళ్తే, కిటికీలు మూసి, ఫ్యాన్ కింద గరుకు కాగితంతో ఓడను రుద్దుతున్నాడు. అవ్వ పసుపు డబ్బా మీద కూడా చెక్కపొడే. సన్నటి చెక్కపొడి ఆస్తమాను, అలర్జీని రేపుతుంది. ఏళ్ల తరబడి పీల్చే వడ్రంగులకు ముక్కు, సైనస్‌ల క్యాన్సర్ ముప్పు కూడా ఉంటుంది. రుద్దుడు పని వాకిట్లోకి మారింది. ఎన్‌95 మాస్కు వచ్చింది. చీపురు పోయి తడిగుడ్డ వచ్చింది. పది రోజుల్లో దగ్గు పోయింది.

ఇంకోసారి పట్టీ వంచడానికి వేడి ఇస్త్రీపెట్టెకు ఆనించినప్పుడు కుడిచేతి వేలికి బొబ్బ వచ్చింది. స్పర్శ తగ్గిన చేయి కాబట్టి బాపుకు తెలియనే లేదు, సాయంత్రం అవ్వ చూసింది. మధుమేహంతో నరాలు దెబ్బతిన్నవారికీ ఇదే ప్రమాదం. వేడి పని ఇంకొకరు చేయాలి, లేదా స్పర్శ బాగున్న చేతితోనే చేయాలి. రక్తం పలుచన చేసే మందులు వాడేవారికి బ్లేడు తెగితే రక్తం త్వరగా ఆగదు. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టాలి. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి రావాలి. టీటీ తీసుకుని ఎన్నాళ్లయిందో చూసుకోవాలి.

చుక్క వేయగానే అతుక్కునే జిగురు విషయంలో మరీ జాగ్రత్త. వేళ్లు అతుక్కుంటే లాగొద్దు. గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా దొర్లించినట్లు విడదీయాలి. కంట్లో పడితే రెప్పల్ని బలవంతంగా తెరవకుండా నీళ్లతో బాగా కడిగి కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈ జిగురు నూలుబట్ట మీద ఎక్కువగా ఒలికితే కాలేంత వేడి పుడుతుంది. ఒళ్లో లుంగీ మీద సీసా పెట్టుకునేవారు గుర్తుంచుకోవాలి.

కళ్లకు స్టాండు ఉన్న భూతద్దం, ఎడమ నుంచి పడే తెల్లటి దీపం పెట్టాం. అరగంటకోసారి లేచి వాకిలి దాకా నడవాలన్నది అవ్వ పెట్టిన రూలు. దానికోసం వంటింటి గడియారంలో అలారం పెట్టింది.

ఇలాంటి ఓడ సామానుకు ఖర్చు ఎక్కువే, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. మీ ఇంట్లో మనిషికి ఓడే అక్కర్లేదు. నులకమంచం అల్లిన చేతికి నులక ఇవ్వండి, పూలు కట్టిన చేతికి పూలు ఇవ్వండి. పాత చేతిపని ఏదో కనుక్కుని ఫిజియోథెరపిస్టుకు చెబితే, దాన్ని ఎలా మొదలుపెట్టాలో వాళ్లు చూపిస్తారు.

మా ఓడకు ఇంకా మూడో కొయ్య తాళ్లు మిగిలాయి. పోయిన వారం వెళ్తే దారం కొస పట్టుకోమన్నాడు బాపు. పట్టుకున్నాను. “గట్టిగ గుంజకురా, కొయ్య వంగుతది” అని కసిరాడు. అవ్వ వంటింట్లోంచి, దసరాకన్నా బల్ల ఖాళీ అయితదా అని అడుగుతోంది.